సైకాలజీలో డి వచ్చింది, మాన్పించాలా?

ప్రశ్న: మేం ఇంగ్లాండ్‌లో, రీడింగ్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి సెప్టెంబరులో సిక్స్త్ ఫామ్ కాలేజీలో (మన ఇంటర్ లాంటిది) చేరింది. కెమిస్ట్రీ, బయాలజీ, సైకాలజీ తీసుకుంది. క్రిస్మస్ సెలవుల ముందు పెట్టిన పరీక్షల్లో మొదటి రెండింటికీ బి వచ్చింది, సైకాలజీకి డి. ఎక్కువ చదివింది దానికే. నోట్సు మొత్తం అప్పజెప్పగలదు. అయినా 16 మార్కుల వ్యాసానికి 6 వచ్చాయి, పక్కన టీచరు "ఏఓ3 చాలదు" అని రాశారు. బోర్డు ఏక్యూఏ అట. డాక్టరు సీటుకి సైకాలజీ లెక్కలోకి రాదు, మాన్పించి మ్యాథ్స్‌లో చేర్పిద్దాం అంటున్నారు మావారు. ఊళ్లో మామగారైతే "పిచ్చి డాక్టరు చదువా?" అని కోప్పడ్డారు. పిల్ల మాత్రం ఆ సబ్జెక్టు వదలనంటోంది. ఏం చేయమంటారు? ఎలా చదివితే మార్కులు వస్తాయి?

సమాధానం:

మాన్పించకండి. సబ్జెక్టు మార్చుకోవడానికి కాలేజీలు మామూలుగా సెప్టెంబరులో మొదటి కొన్ని వారాలే గడువిస్తాయి. ఇప్పుడు ఒప్పుకున్నా, ఒక టర్ము మ్యాథ్స్ పాఠాలు ఆమె సొంతంగా పూడ్చుకోవాలి, అదీ కెమిస్ట్రీ, బయాలజీ నడుస్తుండగా. ఒక్క పరీక్షలో వచ్చిన డి కోసం అంత బరువు ఎత్తుకోనక్కర్లేదు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆమె బాగానే చదివింది. చదివినదాన్ని చదివినట్టు రాసి వచ్చింది. ఈ పేపర్లలో దానికి దక్కేది కొన్ని మార్కులే. మిగతా మార్కులు ఎక్కడున్నాయో తెలిస్తే ఆమె వాటిని తెచ్చుకోగలదు. ఇయర్ 12లో, అంటే సిక్స్త్ ఫామ్ మొదటి ఏడాదిలో, మొదటి టర్ములో చాలామంది ఇక్కడే తడబడతారు.

టీచరు రాసిన ఆ చిన్న మాటతోనే మొదలుపెడదాం. ఏఓ అంటే అసెస్‌మెంట్ ఆబ్జెక్టివ్, మార్కు దేనికి ఇస్తారన్నది. ఈ పరీక్షలో అవి మూడు రకాలు. సిద్ధాంతం, ప్రయోగం ఏమిటో చెబితే ఏఓ1. దాన్ని ప్రశ్నలో ఇచ్చిన సందర్భానికి వర్తింపజేస్తే ఏఓ2. అది ఎంతవరకు నిలుస్తుందో తూచి చెబితే ఏఓ3. మామూలు 16 మార్కుల వ్యాసంలో ఏఓ1కి 6, ఏఓ3కి 10. ప్రశ్నలో ఒక సందర్భం కూడా ఇచ్చి ఉంటే 6, 4, 6గా మారుతుంది. 8 మార్కుల ప్రశ్నలో వర్ణనకి 3, విమర్శకి 5. అంటే ఎటు చూసినా వర్ణన వాటా సగానికి తక్కువ. వ్యాసాన్ని లెవెల్స్ ప్రకారం దిద్దుతారు: 5 నుంచి 8 దాకా రెండో లెవెల్, 9 నుంచి 12 మూడోది, ఆ పైన నాలుగోది. మీ అమ్మాయి ఉన్నది రెండో లెవెల్లో. సిద్ధాంతాన్ని ఎంత తప్పులేకుండా వర్ణించినా, విమర్శ పలచగా ఉంటే ఆ గీత దాటడం కష్టం.

తర్వాత గడియారం. సిక్స్త్ ఫామ్ చివర్లో రాసే ఏ-లెవెల్ పరీక్షలో మూడు పేపర్లు, ఒక్కోటి 2 గంటలు, 96 మార్కులు. మార్కుకి ఒకటింబావు నిమిషం చొప్పున 16 మార్కుల వ్యాసానికి సరిగ్గా 20 నిమిషాలు వస్తాయి. నోట్సు బాగా వచ్చిన పిల్లలు ఉత్సాహంగా వర్ణనతో మొదలుపెట్టి పదమూడు పద్నాలుగు నిమిషాలు దానికే ఖర్చుపెడతారు. విమర్శ చివర్లో మూడు తొందర వాక్యాలైపోతుంది. ఇంట్లో రాసేటప్పుడే వర్ణన 150 పదాల దగ్గర ఆపేయాలి, విమర్శకి 300 పదాలు ఉంచుకోవాలి. ఇంకా తెలుసు కదా, అదీ రాద్దామనిపిస్తుంది. అక్కడ చేతిని ఆపుకోవడం సాధనతోనే వస్తుంది.

విమర్శ అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చూపిస్తాం. జ్ఞాపకశక్తి మీద మల్టీ-స్టోర్ మోడల్‌ను చర్చించమన్నారనుకోండి. 1968లో అట్కిన్సన్, షిఫ్రిన్ చెప్పిన నమూనా అది. ఇంద్రియాల నుంచి వచ్చింది సెన్సరీ రిజిస్టర్‌లోకి, ధ్యాస పెడితే షార్ట్‌టర్మ్ మెమరీలోకి, వల్లె వేస్తే లాంగ్‌టర్మ్ మెమరీలోకి వెళుతుందంటుంది. చాలామంది విమర్శ ఇలా రాస్తారు: "బాడ్లీ ప్రయోగం ఈ మోడల్‌ని సమర్థిస్తుంది. కానీ అది ల్యాబులో చేసింది కాబట్టి ఇకొలాజికల్ వాలిడిటీ తక్కువ." (ఇకొలాజికల్ వాలిడిటీ అంటే ఫలితం నిజజీవితానికి ఎంతవరకు వర్తిస్తుందన్నది.) ఈ రెండు వాక్యాల్లో బాడ్లీ పేరు తీసి ఇంకెవరి పేరు పెట్టినా చెల్లుతాయి. ఏ ప్రయోగానికైనా అతికే మాటకి దిద్దేవాళ్లు దాదాపు ఏమీ ఇవ్వరు.

అదే పాయింటు ఇలా రాస్తే వేరు: "షార్ట్‌టర్మ్, లాంగ్‌టర్మ్ వేరువేరు గదులన్న వాదనకి బాడ్లీ 1966 బలమిస్తుంది. వెంటనే గుర్తుచేసుకోమన్నప్పుడు జనం ధ్వని దగ్గరగా ఉన్న పదాల్లో తడబడ్డారు, 20 నిమిషాల తర్వాత అడిగితే అర్థం దగ్గరగా ఉన్న పదాల్లో తడబడ్డారు. గది ఒక్కటే అయితే తప్పులూ ఒకే తీరున ఉండాలి. అయితే అతను ఇచ్చినవి చదివేవాళ్ల జీవితంతో సంబంధం లేని విడి పదాలు. అర్థమున్న సమాచారమైతే షార్ట్‌టర్మ్‌లోనూ అర్థాన్ని వాడుకుంటామేమో. కాబట్టి రెండు గదులున్నాయన్నది నిలుస్తుంది గానీ, మొదటిది ధ్వని మీదే నడుస్తుందని అంత గట్టిగా చెప్పలేం." ఇక్కడ ఆధారం ఉంది, ఆ ఆధారం ఈ మోడల్‌లో ఏ భాగానికి బలమిస్తుందో ఉంది, దాని హద్దు ఉంది, చివర్లో ఒక తీర్పు ఉంది. ఈ నాలుగూ ఉన్న పేరాలు మూడు రాస్తే చాలు. ఒక్కో లైనుతో ఆరు పాయింట్లు రాసేకంటే ఇది చాలా మేలు.

ఆ వ్యాసానికే మిగతా రెండు పేరాలు ఎక్కడి నుంచి తేవాలంటే, హెచ్.ఎం. అనే రోగి ఉన్నాడు. 1953లో మూర్ఛలు తగ్గించడానికి ఆపరేషన్ చేసి మెదడులో హిప్పోక్యాంపస్ భాగాలు తీసేశారు. ఆ తర్వాత అంకెలు చెబితే అప్పటికప్పుడు తిరిగి చెప్పగలిగేవాడు గానీ కొత్త సంగతులేవీ నిలిచేవి కావు. ఇది మోడల్‌కి అనుకూలం. అదే మనిషి అద్దంలో చూస్తూ బొమ్మ గీయడం రోజురోజుకీ మెరుగుపరుచుకున్నాడు, అంతకుముందు గీశానన్న సంగతే గుర్తులేకుండా. అంటే లాంగ్‌టర్మ్ ఒకే ముద్ద కాదు. ఇది మోడల్‌కి ప్రతికూలం. ఒకే మనిషి కథను రెండు వైపులా వాడగలగడమే ఏఓ3. ఇక 1970లో షాలిస్, వారింగ్టన్ పరిశీలించిన కె.ఎఫ్. అనే రోగికి అంకెలు చదివి వినిపిస్తే గుర్తుండేవి కావు, తనే చూసి చదువుకుంటే మెరుగ్గా గుర్తుండేవి. షార్ట్‌టర్మ్‌లో కూడా చెవికో గది, కంటికో గది ఉన్నాయనిపిస్తుంది. ఇక్కడ ఒక హద్దు కూడా రాయొచ్చు: మెదడు దెబ్బతిన్న ఒకరిద్దరి నుంచి అందరి మెదళ్ల గురించి ఎంతవరకు చెప్పగలం? ఈ ప్రశ్న హెచ్.ఎం.కీ వర్తిస్తుంది. కాబట్టి ఒకే చోట వాడి ఊరుకోవాలి, రెండు పేరాల్లో తిప్పి రాస్తే రెండోసారి మార్కు రాదు.

ఏఓ2 గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఒక్క అలవాటు చాలు. "శ్రావణి అయిదేళ్లు ఫ్రెంచ్ చదివింది. ఇప్పుడు స్పానిష్ మొదలుపెట్టాక ఫ్రెంచ్ పదాలు గుర్తురావడం లేదు. ఇంటర్‌ఫియరెన్స్ సిద్ధాంతంతో వివరించండి, 4 మార్కులు" అని ఇస్తారు. రెట్రోయాక్టివ్ ఇంటర్‌ఫియరెన్స్ నిర్వచనం రాసి, "శ్రావణికి జరిగింది ఇదే" అని ముగిస్తే సగం మార్కులు పోతాయి. కొత్తగా నేర్చిన స్పానిష్ పాత ఫ్రెంచ్‌కి అడ్డుపడుతోందని, రెండు భాషల పదాలు ఒకదాన్నొకటి పోలి ఉండటం వల్ల అడ్డు ఇంకా ఎక్కువైందని, ప్రశ్నలోని మాటలనే పట్టుకుని రాయాలి. జవాబులో ప్రతి వాక్యానికీ ప్రశ్నలో ఒక తాడు కట్టి ఉందా అని ఆమె చూసుకోవాలి.

అసలు సంగతి రీసెర్చ్ మెథడ్స్. సైకాలజీ అంటే మనుషుల మనసుల గురించి కబుర్లని అనుకుని చేరినవాళ్లకి ఇక్కడ దెబ్బ తగులుతుంది. రెండో పేపర్లో 96కి 48 మార్కులు దీనివే. మిగతా పేపర్లలోనూ ఇది చొరబడుతుంది. మొత్తం మీద కనీసం నాలుగో వంతు మార్కులు పరిశోధన పద్ధతులకి, కనీసం పదో వంతు లెక్కలకి పోతాయి. ఆ లెక్కలు శాతాలు, నిష్పత్తులు, స్టాండర్డ్ డీవియేషన్ అర్థం, గ్రాఫులు, సిగ్నిఫికెంట్ ఫిగర్స్ వగైరా. జీసీఎస్‌ఈలో (మన పదో తరగతి లాంటిది) మ్యాథ్స్ బాగా వచ్చిన పిల్లకి వీటిలో భయపడాల్సింది లేదు. బయాలజీ తీసుకున్న మీ అమ్మాయికి అక్కడా కై-స్క్వేర్డ్, టి-టెస్ట్ లాంటివి ఎదురవుతాయి కాబట్టి ఒకసారి పడ్డ శ్రమ రెండుచోట్ల పనికొస్తుంది. డిని బి చేసే దగ్గరి దారి ఇదేనని మా అభిప్రాయం. వ్యాసం మెరుగవడానికి నెలలు పడుతుంది, ఇది వారాల్లో మెరుగవుతుంది.

ఇందులో తరచుగా జారిపోయేది హైపోథిసిస్, అంటే ప్రయోగంలో ఏం తేలుతుందని అనుకుంటున్నారో ముందే చెప్పే వాక్యం, రాయడం. "సంగీతం జ్ఞాపకశక్తి మీద ప్రభావం చూపుతుంది" అని రాస్తే చాలదు. దేనితో దేన్ని పోలుస్తున్నారో, దేన్ని ఎలా కొలుస్తున్నారో ఆ వాక్యంలోనే ఉండాలి: "నిశ్శబ్దంలో 20 పదాల జాబితా చదివినవాళ్లు, పాటలు వింటూ చదివినవాళ్ల కంటే ఎక్కువ పదాలు గుర్తుచేసుకుంటారు." ఇది దిశ చెప్పిన హైపోథిసిస్. అంతకుముందు పరిశోధనలు ఒక వైపు చూపిస్తుంటే దిశ చెప్పాలి. లేకపోతే "తేడా ఉంటుంది" అనే దగ్గర ఆగాలి. దిశ ఉంటే వన్-టెయిల్డ్, లేకపోతే టూ-టెయిల్డ్. ఈ ముడి తర్వాత క్రిటికల్ విలువల పట్టిక చూసేటప్పుడు పనికొస్తుంది.

నేర్చుకోవాల్సిన స్టాటిస్టికల్ టెస్టులు ఎనిమిది. వాటిని జాబితాగా బట్టీ పట్టొద్దు, మూడు ప్రశ్నలు అడగడం నేర్చుకోవాలి. వెతుకుతున్నది తేడానా, సంబంధమా? తేడా అయితే, రెండు పరిస్థితుల్లోనూ ఉన్నది అదే మనుషులా, వేరు మనుషులా? డేటా నామినల్‌గా లెక్కపెట్టిందా, ఆర్డినల్‌గా వరుస పెట్టిందా, ఇంటర్వల్‌గా కొలిచిందా? వేరు మనుషులైతే ఆ వరుసలోనే కై-స్క్వేర్డ్, మాన్-విట్నీ, అన్‌రిలేటెడ్ టి-టెస్ట్. అదే మనుషులైతే సైన్ టెస్ట్, విల్కాక్సన్, రిలేటెడ్ టి-టెస్ట్. కోరిలేషన్ అయితే ఆర్డినల్‌కి స్పియర్‌మన్, ఇంటర్వల్‌కి పియర్సన్. నామినల్ డేటాలో సంబంధం వెతికినా కై-స్క్వేర్డే. ఈ చట్రాన్ని తెల్ల కాగితం మీద చూడకుండా గీయగలిగితే సగం పని అయిపోయినట్టే.

లెక్క వచ్చాక అది పట్టికలో ఉన్న క్రిటికల్ విలువ కంటే ఎక్కువ ఉండాలా, తక్కువ ఉండాలా అన్నది ఇంకో గందరగోళం. ఇంగ్లిష్ పిల్లలు పేర్లలో "ఆర్" అక్షరం చూసుకుని గుర్తుపెట్టుకుంటారు. తెలుగులోనూ అది అచ్చంగా పనిచేస్తుంది. పేరులో "ర" వినబడే టెస్టుల్లో, అంటే కై-స్క్వేర్డ్, స్పియర్‌మన్, పియర్సన్, రిలేటెడ్, అన్‌రిలేటెడ్ టి-టెస్టుల్లో, వచ్చిన విలువ పట్టికలోదానికి సమానంగానో ఎక్కువగానో ఉంటే ఫలితం సిగ్నిఫికెంట్, అంటే కాకతాళీయం అనుకోనక్కర్లేనిది. "ర" లేని సైన్, విల్కాక్సన్, మాన్-విట్నీల్లో సమానంగానో తక్కువగానో ఉండాలి.

సైన్ టెస్ట్ చేత్తో కట్టడం ఒకసారి కూర్చుని చేయించండి, పది నిమిషాల పని. నడక వల్ల మనసు తేలికపడుతుందా అని 12 మందికి నడకకి ముందు, తర్వాత మూడ్ స్కోర్లు తీసుకున్నారనుకుందాం. స్కోరు పెరిగిన వాళ్ల పక్కన ప్లస్, తగ్గిన వాళ్ల పక్కన మైనస్ పెట్టాలి. 8 మందికి పెరిగింది, ఇద్దరికి తగ్గింది, ఇద్దరికి మారలేదు. మారని ఇద్దరినీ తీసేయాలి. కాబట్టి ఎన్ విలువ 10. తక్కువసార్లు వచ్చిన గుర్తు మైనస్, అది 2 సార్లు, కాబట్టి ఎస్ విలువ 2. 0.05 స్థాయిలో ఎన్ 10కి పట్టికలో ఉన్నది 1. మన 2 దానికంటే ఎక్కువ, కాబట్టి ఫలితం సిగ్నిఫికెంట్ కాదు. ఆ ఇద్దరినీ తీసేయడం మరిచిపోయి ఎన్ 12 దగ్గర చూస్తే పట్టికలో 2 ఉంటుంది, ఫలితం సిగ్నిఫికెంట్ అని తేలుతుంది. ఒక్క చిన్న మరుపుతో జవాబు తలకిందులు. పైగా లేని ప్రభావాన్ని ఉందనుకోవడం టైప్ 1 ఎర్రర్. ఉన్నదాన్ని లేదనుకోవడం టైప్ 2. ఈ రెండింటినీ తారుమారు చేయడం కూడా మామూలే. మొదటిది తప్పుడు నమ్మకం, రెండోది చేజారిన నిజం అని పట్టుకుంటే తారుమారు కాదు.

ఇక చదివే తీరు. విచిత్రమేమిటంటే ఎలా చదవాలో ఈ సబ్జెక్టే చెబుతుంది. 2006లో రోడిగర్, కార్పికే కాలేజీ విద్యార్థులకి చిన్న పాఠాలిచ్చి, కొందరితో మళ్లీ మళ్లీ చదివించారు, కొందరికి చదివాక పుస్తకం మూసి గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పరీక్షిస్తే మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. నోట్సుకి రంగుల గీతలు పెట్టి మూడుసార్లు చదివితే అంతా వచ్చేసినట్టు అనిపిస్తుంది. ఆ అనిపించడమే మోసం. కాబట్టి పాఠమైన రోజు సాయంత్రం, మూడో రోజు, వారానికి, నెలకి పుస్తకం మూసి ఖాళీ కాగితం మీద రాయాలి, తర్వాత తెరిచి వదిలేసినవి ఎర్ర రంగుతో నింపాలి. ఎర్రగా మిగిలినవే మళ్లీ చదవాలి, మొత్తం కాదు.

కార్డులు చేసుకుంటే ఒక వైపు ప్రయోగం పేరు, రెండో వైపు నాలుగే సంగతులు: ఎవరిమీద చేశారు, ఏం చేశారు, ఏం వచ్చింది, దానివల్ల ఏం తేలింది. నాలుగోది లేని కార్డు పరీక్షలో పనికిరాదు. పెద్దవాళ్లు చెబితే ఎదుటి మనిషికి కరెంటు షాకు ఇస్తారా అని చూసిన మిల్‌గ్రమ్ 1963 ప్రయోగం కార్డులో 40 మంది పురుషులు, 15 నుంచి 450 వోల్టుల దాకా, 65 శాతం చివరిదాకా వెళ్లారు అని ఉంటుంది. ఆ తర్వాత చేసిన మార్పుల్లో షాకు తినే మనిషి అదే గదిలో ఉంటే 40 శాతం, చెయ్యి పట్టి ప్లేటు మీద పెట్టాల్సి వస్తే 30, ఆదేశాలు ఫోన్లో వస్తే 20.5, యేల్ యూనివర్సిటీ బదులు పాడుబడ్డ ఆఫీసులో చేస్తే 47.5. ఈ అంకెలు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. అవి తారుమారైతే కుంగిపోనక్కర్లేదు. ఎటువైపు మారిందో, ఎందుకు మారిందో చెప్పడానికే మార్కుల్లో ఎక్కువ బరువు. గుంపు మాటకి తలొగ్గుతామా అని చూసిన యాష్ ప్రయోగం కార్డుల్ని మిల్‌గ్రమ్‌తో కలిపి ఒకే పూట చదవకుండా ఉంటే ఈ గజిబిజి తగ్గుతుంది.

క్లాసు గంటలెన్నో ఇంట్లోనూ దాదాపు అన్ని గంటలు పెట్టాలి, వారానికి నాలుగు, అయిదు. అందులో ఒక గంట మూసి రాయడానికి, ఒక గంట రీసెర్చ్ మెథడ్స్‌కి, ఒక గంట ఒక్క వ్యాసానికి: 20 నిమిషాలు గడియారం పెట్టుకుని రాసి, మిగతా నలభై నిమిషాలు మార్క్ స్కీమ్ పక్కన పెట్టుకుని తనే దిద్దుకోవడానికి. ఏక్యూఏ వెబ్‌సైట్లో పాత పేపర్లు, మార్క్ స్కీమ్‌లు, ఎగ్జామినర్ రిపోర్టులు ఉచితంగా దొరుకుతాయి. మార్క్ స్కీమ్ అందరూ చూస్తారు. పిల్లలు ఎక్కడెక్కడ పోగొట్టుకున్నారో దిద్దినవాళ్లే రాసిన రిపోర్టులు చదివేవాళ్లు తక్కువ, చదివితే లాభం చాలా ఎక్కువ. ఒక జాగ్రత్త: 2025 సెప్టెంబరు నుంచి మొదలైన బ్యాచ్‌లకి సిలబస్ సవరించారు, ఆ ఏ-లెవెల్ మొదటి పరీక్షలు 2027లో. అక్కలు, అన్నలు వాడిన పాత టెక్స్ట్‌బుక్కు తీసుకుంటే, కాలేజీ ఇచ్చిన సిలబస్ కాగితంతో ఒక్కో అంశం సరిచూసుకోవాలి.

మీరు చేయగలిగిన సాయం ఒకటుంది, దానికి సైకాలజీ తెలిసి ఉండనక్కర్లేదు. వంటింట్లో మీరు పనిలో ఉండగా ఒక ప్రయోగాన్ని తెలుగులో చెప్పమనండి, నోట్సు చేతిలో లేకుండా. చెప్పాక మూడే ప్రశ్నలు అడగండి: ఇది వాళ్లకెలా తెలిసింది? ఎవరిమీద చేశారు? మన ఊళ్లో చేసినా ఇదే వచ్చేదా? మొదటి దానికి జవాబిస్తుంటే పద్ధతి గురించిన విమర్శ తయారవుతుంది, రెండోదానికి శాంపిల్ గురించి, మూడోదానికి కల్చర్ బయాస్ గురించి. తెలుగులో చెప్పాలంటే టెక్స్ట్‌బుక్కులోని వాక్యం అరువుకి దొరకదు, అర్థమైతేనే చెప్పగలదు. ఆ రాత్రే అదే సంగతిని ఇంగ్లిష్‌లో ఒక పేరా రాయించండి, లేకపోతే పరీక్షకి కావలసిన మాటలు నోటికి రావు.

ఆ మూడో ప్రశ్నలో మీ అమ్మాయికి మిగతా పిల్లలకి లేని చూపు ఉంది. అటాచ్‌మెంట్ (తల్లీబిడ్డల అనుబంధం) పాఠంలో 1988లో వాన్ ఐజెన్‌డోర్న్, క్రూనెన్‌బర్గ్ 8 దేశాల నుంచి 32 పరిశోధనలు కలిపి చూసిన సంగతి వస్తుంది. ఆ ఎనిమిదిలో భారతదేశం లేదు. 32లో 18 అమెరికావే. తల్లి గది దాటి వెళితే బిడ్డ ఎలా ఉంటుందో చూసి అనుబంధాన్ని అంచనా వేసే ఏన్స్‌వర్త్ పద్ధతి అమెరికాలో పుట్టింది. అమ్మమ్మ, నాయనమ్మ, పిన్ని చేతుల్లో పెరిగే బిడ్డకి దాన్నే కొలబద్దగా పెట్టడం సబబేనా అని ఆమెకి సహజంగా తోస్తుంది. అలా ఒక సంస్కృతిలో పుట్టిన కొలతని ఇంకో సంస్కృతి మీద రుద్దడానికి ఇంపోజ్డ్ ఎటిక్ అని పేరుంది. అలాగే ఆమె కాలేజీ స్కిజోఫ్రీనియా ఆప్షన్ చెబుతుంటే 2015లో లూర్మన్ బృందం చేసిన పరిశోధన పనికొస్తుంది. అమెరికా, ఘనా, మన చెన్నై, ఒక్కోచోట 20 మందిని వాళ్లకి వినబడే గొంతుల గురించి అడిగారు. చెన్నైలో సగానికి పైగా వాళ్లకి వినబడింది బంధువుల గొంతులు, పనులు చెప్పేవి, మందలించేవి. అమెరికాలో ఎక్కువగా హింసతో, ద్వేషంతో కూడినవి. రోగలక్షణాన్ని కూడా సంస్కృతి మలుస్తుందనడానికి ఇంత చక్కని ఆధారం అరుదు. అయితే "మా ఇంట్లో ఇలా ఉంటుంది" అని పరీక్షలో రాస్తే ఒక్క మార్కూ రాదు. ఇంటి అనుభవం ప్రశ్న పుట్టించడానికే. జవాబు పరిశోధన నుంచి రావాలి.

మీవారి సందేహానికి వద్దాం. ఇక్కడి మెడికల్ స్కూళ్లు ఎక్కువగా అడిగేది కెమిస్ట్రీ, దానితోపాటు బయాలజీ. ఆ రెండూ ఆమెకి ఉన్నాయి. మూడోది సైకాలజీ అయితే చాలా చోట్ల అభ్యంతరం ఉండదు, కొన్నిచోట్ల మూడోది కూడా సైన్సో మ్యాథ్సో అయితే బాగుంటుందంటారు. ఆమె వెళ్లాలనుకునే నాలుగైదు యూనివర్సిటీల అడ్మిషన్ పేజీలు తెరిచి ఈ ఒక్క విషయమే చూడండి, ఒక సాయంత్రంలో తేలిపోతుంది. "తేలిక సబ్జెక్టు" అన్న పేరు పాత సంగతి. రస్సెల్ గ్రూప్ అనే సంఘంలోని పేరున్న యూనివర్సిటీలు ఒకప్పుడు కొన్ని సబ్జెక్టులకే పెద్దపీట వేసిన జాబితా ఒకటి ఉంచాయి, అందులో సైకాలజీ లేదు. 2019లో ఆ జాబితానే తీసేశారు. ఇప్పుడు ఇంగ్లాండ్‌లో మ్యాథ్స్ తర్వాత ఎక్కువమంది రాసే ఏ-లెవెల్ సైకాలజీయే. తీరా యూనివర్సిటీలో సైకాలజీ చదవడానికి కూడా ఏ-లెవెల్ సైకాలజీ తప్పనిసరి కాదు. కాబట్టి ఈ సబ్జెక్టు ఉండటం దాదాపు ఏ తలుపూ మూయదు.

మామగారికి మాత్రం ఓపిగ్గా చెప్పండి. ఆయన తరానికి ఈ మాట వినగానే ఎర్రగడ్డో, చినవాల్తేరో గుర్తొస్తే తప్పు పట్టలేం. మందులు రాసే సైకియాట్రిస్టు ముందు ఎంబీబీఎస్ చదివిన డాక్టరు. ఆ తర్వాత ఇక్కడి పద్ధతిలో రెండేళ్ల ఫౌండేషన్, ఆపైన ఆరేళ్ల దాకా ఆ శాఖలో శిక్షణ. క్లినికల్ సైకాలజిస్టుది వేరే దారి: బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపున్న డిగ్రీ, కొన్నాళ్లు అసిస్టెంటుగా పని, మూడేళ్ల డాక్టరేటు, ఈ వృత్తిని నియంత్రించే సంస్థ హెచ్‌సీపీసీలో రిజిస్ట్రేషన్. ఆ డాక్టరేటు సీట్లకి పోటీ చాలా ఎక్కువ, ఈ సంగతి ఇప్పుడే తెలిసి ఉండటం మంచిది. పదహారేళ్ల పిల్ల ఈ రెండింటిలో ఒకటి ఇవాళే ఎంచుకోనక్కర్లేదు. కెమిస్ట్రీ, బయాలజీ వదలనంతవరకు రెండు దారులూ తెరిచే ఉంటాయి.

ఇంకో మాట. డిప్రెషన్, ఫోబియా, ఓసీడీ పాఠాలు చదివేటప్పుడు పిల్లలు తమలోనూ ఇంట్లోవాళ్లలోనూ ఆ లక్షణాలు వెతుక్కుంటారు. "నాన్నకి ఓసీడీ" అని ఆమె అంటే కోప్పడకుండా, ఆ లక్షణాలు రోజువారీ జీవితాన్ని ఎంత అడ్డుకుంటే దాన్ని రుగ్మత అంటారో చెప్పమనండి, పాఠం తిరిగి పాఠంలోకి వస్తుంది. కానీ తన గురించే పదేపదే అంటున్నా, నిద్ర, తిండి మారినా దాన్ని పాఠం ప్రభావమని కొట్టిపారేయకండి. కాలేజీ కౌన్సెలర్‌తో గానీ జీపీతో (మీ ఫ్యామిలీ డాక్టరుతో) గానీ మాట్లాడించండి.

జనవరిలో కాలేజీ తెరవగానే ఆ 6 మార్కుల వ్యాసం పట్టుకుని ఆమెనే టీచరు దగ్గరికి వెళ్లమనండి. "ఇంకా బాగా ఎలా రాయాలి" అని అడిగితే పొడి జవాబే వస్తుంది. ఒక్క విమర్శ పేరాని ముందే తిరగరాసి తీసుకెళ్లి "ఇప్పుడు ఇది ఏ లెవెల్?" అని అడగమనండి. అదే వ్యాసాన్ని మళ్లీ మొత్తం రాసి, మూడు వారాల్లో ఇంకొకటి దిద్దించుకోవాలి. యూనివర్సిటీ అప్లికేషన్లో కాలేజీ వేసే ప్రిడిక్టెడ్ గ్రేడ్లకి ఎక్కువగా ఆధారమయ్యేది ఇయర్ 12 చివర్లో పెట్టే పరీక్షలు. మెడిసిన్‌కైతే ఆ అప్లికేషన్ గడువు ఇయర్ 13లో అక్టోబరు 15, దానికి ముందు వేసవిలో మెడిసిన్ ప్రవేశ పరీక్ష యూక్యాట్ కూడా రాయాలి. అంటే సైకాలజీ గ్రేడు లెక్కలోకి వచ్చే మొదటి పరీక్షకి ఆమె చేతిలో ఇంకా రెండు టర్ములు ఉన్నాయి.